వయసు మీరిన వెల్డుకు మిగిలిన బలం ఎంత? వేడిని తట్టుకునే ఉక్కు అతుకుల్లో క్రీప్ అంచనాపై సమీక్ష

అధిక వేడిలో నిరంతరం భారం మోసే ఉక్కు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగుతూ ఉంటుంది. దాని సాధారణ బలంతో పోలిస్తే ఆ భారం చాలా తక్కువైనా సాగుదల ఆగదు. దీన్ని క్రీప్ అంటారు. మొదట వేగంగా సాగి నెమ్మదించడం, ఆపైన చాలాకాలం దాదాపు ఒకే వేగంతో సాగడం, చివర మళ్లీ వేగం పుంజుకుని తెగిపోవడం అనే మూడు దశల్లో ఇది నడుస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రంలో 540 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని మోసే ప్రధాన పైపులు, సూపర్ హీటర్ గొట్టాలు, వాటి ఆవిరిని ఒకచోట చేర్చే హెడర్లు జీవితమంతా ఈ దశల మధ్యే గడుపుతాయి. అతుకు లేని పైపుకు ఆయుష్షు లెక్క కట్టడం కొంత తేలిక. కానీ ప్రతి పైపు వరుసలోనూ వెల్డులు ఉంటాయి, పగుళ్లు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఇరవై ముప్పై ఏళ్లు వేడిలో ఉన్న వెల్డుకు ఇంకా ఎంత బలం మిగిలింది, దాన్ని ఏ పద్ధతిలో తేల్చాలి అన్న దానిపై అర్ధ శతాబ్దంగా వాదం నడుస్తోంది. ఒక్కో పక్షం ఒక్కో వేరు ప్రశ్నకు జవాబు చెబుతూ, అందరూ ఒకే ప్రశ్నకు చెబుతున్నట్టు అనుకోవడం వల్లే ఈ వాదం చిక్కుపడింది.

వాదం పుట్టుక

క్రీప్‌ను శాస్త్రంగా చూడటం 1910లో ఆండ్రేడ్ ప్రయోగాలతో మొదలైంది. 1952లో లార్సన్, మిల్లర్ ఉష్ణోగ్రతనూ కాలాన్నీ ఒకే అంకెలో కలిపే సూత్రాన్ని ఇచ్చారు. తెగే కాలం గంటల లాగరిథమ్‌కు ఒక స్థిరాంకం కలిపి, ఆ మొత్తాన్ని కెల్విన్‌లలో ఉష్ణోగ్రతతో హెచ్చిస్తే ఆ అంకె వస్తుంది. స్థిరాంకాన్ని సాధారణంగా 20గా తీసుకుంటారు. ఎక్కువ వేడిలో కొద్ది నెలల్లో ముగిసే పరీక్షతో తక్కువ వేడిలో దశాబ్దాల ఆయుష్షును ఊహించే వీలు దీనితో దక్కింది. 1956లో మాంక్‌మన్, గ్రాంట్ మరో సంబంధం చూపారు. నిలకడ దశలో సాగే వేగాన్ని తెగే కాలంతో హెచ్చిస్తే దాదాపు ఒకే విలువ వస్తుందన్నది దాని సారం.

ఈ పునాది అంతా అతుకులేని లోహం మీద వేసినదే. పైపుల మందం నిర్ణయించే కోడ్‌లు చాలాకాలం వెల్డును మూల లోహంతో సమానంగా చూశాయి. పూరక లోహం తగినంత బలంగా ఉండి, ఎక్స్‌రేలో లోపం కనిపించకపోతే చాలని భావించాయి. 1974లో షూల్లర్, హాగ్న్, వోయిట్‌షెక్ అనే జర్మన్ పరిశోధకులు వెల్డు పగుళ్లను నాలుగు రకాలుగా విడదీశారు. పూరక లోహంలోనే ఆగిపోయేది మొదటి రకం. పూరక లోహంలో పుట్టి పక్కకు పాకేది రెండో రకం. కరిగిన అంచును ఆనుకున్న ముతక రేణువుల పట్టీలో పుట్టేది మూడో రకం. వేడి సోకిన పట్టీకి బయటి అంచున, మూల లోహానికి దగ్గరగా పుట్టేది నాలుగో రకం. అప్పట్లో ఇది వర్గీకరణగానే మిగిలింది.

దీన్ని పరిశ్రమ తీవ్రంగా తీసుకోవడానికి ప్రాణాలు పోవలసి వచ్చింది. 1985 జూన్ 9న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మొహావే విద్యుత్ కేంద్రంలో మళ్లీ వేడెక్కించిన ఆవిరిని మోసే పైపు, దాని పొడవునా సాగే నిలువు వెల్డు వెంట చీలింది. ఆరుగురు చనిపోయారు. మరుసటి ఏడాది ఆరంభంలో మిషిగన్‌లోని మన్రో కేంద్రంలోనూ అలాంటి పైపే పగిలింది. నిలువు అతుకు ఉన్న పైపులన్నిటినీ వెతికి పరీక్షించడం ఆ తర్వాతే మొదలైంది.

దాదాపు అదే సమయంలో 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినంతో పాటు కొద్దిగా వనేడియం, నియోబియం, నైట్రోజన్ కలిసిన గ్రేడ్ 91 ఉక్కు వాడకంలోకి వచ్చింది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ ఉక్కుకు గొట్టాల రూపంలో 1983లో, పైపుల రూపంలో 1984లో అనుమతి దొరికింది. పాత ఉక్కు కన్నా పైపు గోడ బాగా పలచబడింది. పలచని గోడ త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది, యూనిట్ తొందరగా లోడ్ అందుకుంటుంది. ఈ లాభాలతో ప్రపంచమంతటా దాన్ని వాడారు. నాలుగో రకం పగులు అసలు తీవ్రత కూడా ఆ ఉక్కులోనే బయటపడింది.

వెల్డు లోపలి పొరలు

వెల్డు పక్కన రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల వెడల్పులో ఉక్కు అనేక ఉష్ణోగ్రతలకు లోనవుతుంది. కరిగిన అంచు దగ్గర రేణువులు ముతకబడతాయి. కాస్త దూరంలో, ఉక్కు పూర్తిగా రూపం మారే హద్దును కొద్దిగా మాత్రమే దాటిన చోట, రేణువులు సన్నగా ఏర్పడతాయి. ఇంకొంచెం దూరంలో, గ్రేడ్ 91 విషయంలో సుమారు 820 నుంచి 920 డిగ్రీల మధ్య, రూపం సగమే మారుతుంది. బలహీనత ఉండేది ఈ సన్న రేణువుల పట్టీలోనూ సగం మారిన పట్టీలోనూ.

గ్రేడ్ 91 బలం రెండు రకాల అవక్షేపాల నుంచి వస్తుంది. క్రోమియం కార్బైడ్లు రేణువుల హద్దులనూ ఉపరేణువులనూ కదలకుండా పట్టి ఉంచుతాయి. వనేడియం, నియోబియం కార్బోనైట్రైడ్లు ఇంకా సన్నని చుక్కలుగా లోపలంతా పరుచుకుంటాయి. వెల్డింగ్ వేడి ఆ ఇరుకు పట్టీలో కార్బైడ్లను పూర్తిగా కరిగించదు. మిగిలినవి కొత్త రేణువుల హద్దుల మీద కాకుండా ఎక్కడపడితే అక్కడ ఉండిపోతాయి, ఆపైన ముతకబడతాయి. హద్దులను పట్టి ఉంచేది లేక ఆ పట్టీ పక్కవాటికన్నా వేగంగా సాగుతుంది. ఇరువైపులా ఉన్న గట్టి లోహం దాన్ని స్వేచ్ఛగా సాగనివ్వదు కాబట్టి లోపల మూడు దిక్కులా లాగే ప్రతిబలం ఏర్పడుతుంది. రేణువుల హద్దుల మీద సూక్ష్మ గుల్లలు పుట్టి, పెరిగి, కలిసి పగులవుతాయి. బయటికి కనిపించే సాగుదల ఏమీ లేకుండానే అతుకు తెగిపోవచ్చు.

పాత రకం ఉక్కుల తీరు వేరు. 2.25 శాతం క్రోమియం ఉన్న గ్రేడ్ 22లో ప్రధాన మార్పు కార్బైడ్లు గుండ్రబడి ముతకబడటమే. కాఠిన్యం నెమ్మదిగా, ముందుగా ఊహించగలిగే విధంగా తగ్గుతుంది. క్రోమియం, మాలిబ్డినం, వనేడియం కలిసిన ఉక్కుల్లో ముతక రేణువుల పట్టీలో వచ్చే మూడో రకం పగులు ఎక్కువ. రెండు వేర్వేరు ఉక్కులను కలిపే వెల్డులో మరో చిక్కు ఉంది. కార్బన్ తక్కువ క్రోమియం వైపు నుంచి ఎక్కువ క్రోమియం వైపు జరిగిపోయి ఒక పక్క మెత్తని పొర మిగులుతుంది. ఒకే నియమాన్ని అన్ని ఉక్కులకూ వర్తింపజేయడం వల్ల జరిగిన నష్టం ఈ రంగంలో తక్కువేమీ కాదు.

కొలిమిలో వయసు, సేవలో వయసు

పరిశోధన పత్రాల్లో వయసు మీరిన వెల్డు అన్న మాట కింద రెండు వేరు వస్తువులు వస్తాయి. ఒకటి కొత్త వెల్డును భారం లేకుండా కొలిమిలో కొన్ని వేల గంటలు ఉంచి తీసినది. రెండోది నిజమైన కేంద్రంలో ఆవిరి పీడనాన్నీ పైపు బరువునూ మోస్తూ ఏళ్లు గడిపి బయటికి వచ్చినది.

కొలిమి వెల్డు అవక్షేపాల మార్పును శుభ్రంగా చూపుతుంది. కార్బైడ్లు ఎంత ముతకబడ్డాయి, మాలిబ్డినాన్నీ టంగ్‌స్టన్‌నూ మింగే లావెస్ అవక్షేపం ఎప్పుడు వచ్చింది, సన్నని నైట్రైడ్లను తినేసే జెడ్ అవక్షేపం మొదలైందా అన్నవి తెలుస్తాయి. కానీ గుల్లలు ప్రతిబలం లేకుండా పుట్టవు. ఉపరేణువులు పెద్దవవడాన్ని కూడా సాగుదలే వేగవంతం చేస్తుంది. అందువల్ల కొలిమిలో వయసు తెచ్చుకున్న వెల్డును పరీక్షించి బలం అంతగా తగ్గలేదని చెప్పేవారూ, కేంద్రం నుంచి కోసి తెచ్చిన వెల్డును చూసి ప్రమాదం దగ్గరపడిందని చెప్పేవారూ ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. మొదటివారు కొలిచింది సూక్ష్మ నిర్మాణంలో నష్టం, రెండోవారు చూసింది గుల్లల నష్టం. నాలుగో రకం పగుళ్లలో ఆయుష్షును ముగించేది ఎక్కువగా గుల్లల నష్టమే కాబట్టి, కొలిమి ఫలితాలను మిగిలిన ఆయుష్షుగా చదవడం సరికాదు. అవి మూల లోహం గురించి, పూరక లోహం గురించి మాత్రమే నమ్మకంగా మాట్లాడగలవు.

అంచనాలో నాలుగు మార్గాలు

మొదటిది లెక్క మార్గం. నడిచిన గంటలు, ఆవిరి ఉష్ణోగ్రత, పీడనం, గోడ మందం తీసుకుని, ప్రతి ఉష్ణోగ్రతలో గడిచిన కాలాన్ని ఆ ఉష్ణోగ్రతలో తెగే కాలంతో భాగించి కూడతారు. ఈ కాలభాగాల పద్ధతిని రాబిన్సన్ నియమం అంటారు. ఖర్చు తక్కువ, యూనిట్ ఆపనక్కర్లేదు. కానీ దీని బలహీనత ఉష్ణోగ్రతలోనే ఉంది. లార్సన్-మిల్లర్ స్థిరాంకం 20 పెట్టి చూస్తే, 540 డిగ్రీల వద్ద లక్ష గంటలు నిలిచే ఉక్కు 550 డిగ్రీల వద్ద దాదాపు 50 వేల గంటలే నిలుస్తుంది, 560 వద్ద 25 వేలు. పది డిగ్రీలకు ఆయుష్షు సగం. హెడర్‌కు ఒక చివర ఒక థర్మోకపుల్, మరో చివర ఇంకొకటి ఉంటే, మధ్యలోని గొట్టాలు పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉన్నాయో లేదో ఆ రికార్డు చెప్పదు. గొట్టాల లోపలి ఆక్సైడ్ పొర మందాన్ని అల్ట్రాసోనిక్‌తో కొలిచి, అది ఏ ఉష్ణోగ్రతలో అంత పెరిగి ఉంటుందో వెనక్కి లెక్కించడం కొంత మేలు. అయినా చాలా కేంద్రాల్లో మొదటి పదేళ్ల ఉష్ణోగ్రత రికార్డు కాగితపు చార్టుల రూపంలో ఉండి పోయింది. అంచనాలోని అతిపెద్ద అనిశ్చితి లోహశాస్త్రంలో కన్నా ఈ రికార్డుల లేమిలోనే ఉంది.

రెండోది కంటిచూపు మార్గం. వెల్డు మీద కొద్ది చోటు పాలిష్ చేసి, ఆమ్లంతో రేణువులు కనిపించేలా చేసి, పలచని ప్లాస్టిక్ పొరను అద్ది తీస్తారు. ఆ ప్రతిరూపాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. దీన్ని రెప్లికా అంటారు. 1980ల ఆరంభంలో న్యూబాయర్, వెడెల్ ఇచ్చిన మెట్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. విడివిడి గుల్లలు ఉంటే ‘ఎ’ మెట్టు, గమనిస్తూ ఉండాలి. ఒక దిశలో వరుస పట్టిన గుల్లలు ఉంటే ‘బి’, నిర్ణీత వ్యవధిలో మళ్లీ చూడాలి. సూక్ష్మ పగుళ్లుంటే ‘సి’, మరమ్మతు వరకు పరిమితంగా మాత్రమే నడపాలి. పెద్ద పగుళ్లుంటే ‘డి’, వెంటనే మరమ్మతు చేయాలి. తక్కువ క్రోమియం ఉక్కుల్లో ఈ నిచ్చెన ఎన్నో ప్రమాదాలను ఆపింది. గ్రేడ్ 91లో మాత్రం దాని మీద నమ్మకం సడలింది. మందమైన పైపులో గుల్లలు మొదట గోడ లోపల, మూడు దిక్కుల ప్రతిబలం ఎక్కువగా ఉన్న లోతులో పుడతాయి. పైన శుభ్రంగా కనిపించే రెప్లికా కింద పగులు పెరుగుతూ ఉండవచ్చు. అందుకే ఇప్పుడు ఫేజ్డ్ అర్రే అల్ట్రాసోనిక్ వంటి లోపలికి చూసే పద్ధతులను దానితో జోడిస్తున్నారు. కానీ అవి పట్టుకునేది పగులును, లేదా చిక్కగా కలిసిన గుల్లలను. విడి గుల్లలు వాటికి చిక్కవు.

కాఠిన్యం కొలవడం కూడా ఈ మార్గంలోదే. గ్రేడ్ 91 మూల లోహం ఆరోగ్యంగా ఉంటే విక్కర్స్ కాఠిన్యం సుమారు 190 నుంచి 250 మధ్య ఉంటుంది. 180 కన్నా దిగితే తయారీలోనే ఏదో తప్పు జరిగిందని అనుమానించాలి. వేడి సోకిన ఇరుకు పట్టీ కాఠిన్యాన్ని చేతి పరికరంతో విడిగా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఆ పరికరపు ముద్ర పక్క లోహాన్ని కూడా కలుపుకుంటుంది.

మూడోది నమూనా మార్గం. పైపు నుంచి చిన్న పడవ ఆకారపు ముక్కను గోడకు హాని లేకుండా చెక్కి తీస్తారు. దాని నుంచి 8 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు మందం ఉన్న బిళ్లను చేసి, వేడిలో గుండ్రని మొన ఉన్న పంచ్‌తో నొక్కుతారు. ఇది స్మాల్ పంచ్ పరీక్ష. దీనికి అమెరికన్ ప్రమాణం 2020లో, యూరోపియన్ ప్రమాణం 2021లో వచ్చాయి. చదునైన పంచ్‌తో నొక్కి సాగుదల వేగాన్ని కొలిచే ఇంప్రెషన్ క్రీప్ పద్ధతి కూడా ఉంది. వేడి సోకిన పట్టీ నుంచి విడిగా బిళ్ల తీయగలగడం వీటి గొప్ప. ఆ బిళ్లను పక్క లోహపు పట్టు నుంచి విడదీసి పరీక్షించడం వీటి లోపం. నాలుగో రకం పగులుకు ఆ పట్టే కారణం కాబట్టి, విడి బిళ్ల ఆయుష్షును అతుకు ఆయుష్షుగా మార్చడానికి మరో లెక్క కావాలి.

నాలుగోది గణిత నమూనాల మార్గం. 1958లో కచనోవ్, తర్వాత రబొత్నోవ్ నష్టాన్ని సున్నా నుంచి ఒకటి వరకు పెరిగే రాశిగా చూశారు. నేడు కంప్యూటర్ మీద వెల్డులోని ప్రతి పట్టీకి వేరు గుణాలు ఇచ్చి ప్రతిబలం ఎలా మారుతుందో చూస్తున్నారు. పగులు ఎక్కడ పుడుతుందో ఇవి బాగా చెబుతాయి. ఎప్పుడు పుడుతుందో చెప్పాలంటే పట్టీల గుణాలు ముందే తెలిసి ఉండాలి, అవి రావలసింది మళ్లీ మూడో మార్గం నుంచే.

ఈ నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూస్తే పోటీ కన్నా పని విభజన కనిపిస్తుంది. ఏ వెల్డులను ముందు చూడాలో ఎంచడానికి లెక్క పనికొస్తుంది. ఈ రోజు ప్రమాదం ఉందా లేదా అన్నదానికి రెప్లికా, అల్ట్రాసోనిక్ జవాబిస్తాయి. ఈ ఉక్కు సగటు కన్నా బలహీనమా అన్నదానికి నమూనా పరీక్ష చెబుతుంది. వచ్చే ఓవర్‌హాల్ వరకు ఆగవచ్చా అన్న ప్రశ్నకే నమూనా ఫలితాలతో కూడిన గణితం కావాలి. ఒక్క మార్గంతో నాలుగు ప్రశ్నలకూ జవాబు రాబట్టిన నివేదికలను అనుమానంగానే చూడాలి.

పొడిగింపులో పొరపాటు

వెల్డును అడ్డంగా చేర్చి కోసిన నమూనాను లాగి తెంపడం అన్నిటికన్నా సూటి పరీక్ష. పూరక లోహం, వేడి సోకిన పట్టీ, మూల లోహం మూడూ అందులో ఉంటాయి. ఎక్కువ ప్రతిబలంతో త్వరగా తెంపితే అది మూల లోహంలోనో పూరక లోహంలోనో తెగుతుంది, అతుకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతిబలం తగ్గించి వేల గంటలు సాగనిస్తే తెగే చోటు వేడి సోకిన పట్టీకి మారుతుంది. బలం గీత అక్కడి నుంచి కిందికి వంగుతుంది. మొదటి భాగం ఫలితాలను తిన్నగా పొడిగించిన వారంతా ఆయుష్షును ఎక్కువగా చెప్పారు. అందుకే తెగిన చోటు ఎక్కడో రాయని పరీక్ష ఫలితానికి ఈ చర్చలో విలువ లేదు.

లార్సన్-మిల్లర్ స్థిరాంకం ఎంత ఉండాలన్నది మరో వివాదం. ఒక నమూనా 650 డిగ్రీల వద్ద 3,000 గంటలకు తెగిందనుకుందాం. అదే ప్రతిబలంతో 600 డిగ్రీల వద్ద ఎంత నిలుస్తుంది? స్థిరాంకం 20 అయితే సుమారు 66 వేల గంటలు. గ్రేడ్ 91కు తరచూ వాడే 30 అయితే దాదాపు 2 లక్షల 48 వేల గంటలు. పరీక్ష ఒకటే, జవాబుల మధ్య తేడా ఇరవై ఏళ్లకు పైనే. ఆ స్థిరాంకం ఏ ఫలితాల నుంచి వచ్చిందో, ఏ ఉక్కు పట్టీకి వచ్చిందో చెప్పకుండా ఇచ్చిన ఆయుష్షు అంకెను ఇంజనీర్లు అంగీకరించకూడదు.

దీర్ఘకాల పరీక్షల విలువ ఇక్కడే తెలుస్తుంది. జపాన్‌లోని జాతీయ పదార్థ శాస్త్ర సంస్థ 1966 నుంచి క్రీప్ సమాచార పత్రాలను సిద్ధం చేస్తోంది. అక్కడ 1969లో మొదలుపెట్టిన ఒక పరీక్ష 2011లో ప్రపంచంలోకెల్లా దీర్ఘమైన క్రీప్ పరీక్షగా రికార్డుకెక్కింది. మూల లోహం మీద కూడా కాలం గడిచేకొద్దీ అంచనాలు మారాయి. గ్రేడ్ 91కు 600 డిగ్రీల వద్ద లక్ష గంటల బలాన్ని యూరోపియన్ క్రీప్ సంఘం 1995లో 94 మెగాపాస్కల్‌గా ఇచ్చి, 2009లో 90కి తగ్గించింది. ఏడాది రెండేళ్లలో తేల్చగలిగే విషయం కాదని ఆ ఒక్క సవరణ చూపుతుంది.

కోడ్‌లలో వెల్డు గుణకం

వెల్డు బలహీనతను డిజైన్‌లో చేర్చడానికి అనుమతించిన ప్రతిబలాన్ని ఒక గుణకంతో తగ్గిస్తారు. యూరప్‌లో వేరే సమాచారం లేనప్పుడు 0.8 వాడటం ఆనవాయితీ. అమెరికాలోని ప్రాసెస్ పైపింగ్ కోడ్ 2004లో ఇలాంటి గుణకాన్ని చేర్చింది. 510 డిగ్రీల వరకు 1, అక్కడి నుంచి తిన్నగా తగ్గుతూ 815 డిగ్రీల వద్ద 0.5. కానీ అది నిలువు వెల్డులకూ, పైపును చుట్టి వచ్చే చుట్టుడు వెల్డులకూ ఒకటిగా వర్తించదు, చుట్టుడు వెల్డు బాధ్యతను డిజైనర్‌కే వదిలింది. జపాన్ 2000ల మధ్యలో 9–12 శాతం క్రోమియం ఉక్కుల వెల్డులకు అనుమతి ప్రతిబలాన్ని గణనీయంగా తగ్గించింది.

నిలువు, చుట్టుడు వెల్డుల మధ్య ఈ భేదానికి ఒక భౌతిక కారణం ఉంది. పీడనం వల్ల పైపు చుట్టూ వచ్చే ప్రతిబలం, పొడవున వచ్చేదానికి రెట్టింపు. నిలువు వెల్డు మొత్తం భారాన్నీ మోస్తుంది, చుట్టుడు వెల్డు సగమే. అందుకే ఒక పక్షం చుట్టుడు వెల్డుకు గుణకం అనవసరమని వాదిస్తుంది. పైపు హ్యాంగర్లు బిగుసుకుపోతే, స్ప్రింగ్ సర్దుబాటు తప్పితే పైపు బరువంతా వంపుగా మారి చుట్టుడు వెల్డు మీదే పడుతుందని మరో పక్షం గుర్తుచేస్తుంది. క్షేత్రంలో నాలుగో రకం పగుళ్లు ఎన్నో చుట్టుడు వెల్డుల్లోనూ, శాఖ పైపుల అతుకుల్లోనూ దొరికాయి కాబట్టి రెండో వాదమే బలమైనది. వేడిలోనూ చల్లారాకా హ్యాంగర్ల స్థానాన్ని కొలిచే చవకైన పని, ఎన్నో ఖరీదైన పరీక్షల కన్నా ఎక్కువ చెబుతుంది.

భారత నియమం, తెలుగు రాష్ట్రాల కేంద్రాలు

భారత బాయిలర్ నియమాలు 1950 నాటివి. వాటి మాతృక 1923 చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. నియమాల్లోని 391ఎ ప్రకారం, 400 డిగ్రీలు, ఆపైన పనిచేసే భాగాలున్న బాయిలర్లు లక్ష గంటలు దాటాక మిగిలిన ఆయుష్షు పరీక్షకు లోబడాలి. లక్ష గంటలంటే ఆగకుండా నడిస్తే 11 ఏళ్ల 5 నెలలు. లక్ష అన్న అంకె ఉక్కుకు గల గడువేమీ కాదు, డిజైన్ బలాన్ని లక్ష గంటలకు లెక్కించిన ఆనవాయితీ నుంచి వచ్చింది. పలచని గోడ గ్రేడ్ 91 వెల్డుకు లక్ష గంటల తర్వాత మొదటి పరీక్ష అంటే ఆలస్యం కావచ్చు. అతి మందంగా కట్టిన పాత గ్రేడ్ 22 పైపుకు అదే తొందర కావచ్చు. నియమం ఉక్కు రకాన్ని బట్టి గడువు మార్చితే మేలు.

తెలంగాణలో ఈ ప్రశ్న పాత, కొత్త తరాలు రెండింటినీ తాకుతుంది. కొత్తగూడెంలో 1960ల నుంచి నడిచిన 60, 120 మెగావాట్ల యూనిట్లు, మొత్తం 720 మెగావాట్లు, అర శతాబ్దం సేవ తర్వాత విరమించాయి. వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చారు. రామగుండంలో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో మొదలైంది. ఆ తరం కేంద్రాల్లో ఆవిరి 540 డిగ్రీల చుట్టూ ఉంటుంది. కొత్తగూడెం ఏడో దశలోని 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ 2018 చివరలో వచ్చింది. దామరచర్ల దగ్గరి యాదాద్రి కేంద్రం ఐదు 800 మెగావాట్ల యూనిట్లది. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణపట్నం యూనిట్లూ సూపర్ క్రిటికల్‌వే. ఈ రకం యూనిట్లు గ్రేడ్ 91, 92 ఉక్కుల మీద ఎక్కువగా ఆధారపడతాయి. వీటిలోని వెల్డులు నాలుగో రకం పగులుకు అనువైన వయసుకు 2030లలో చేరతాయి. సిద్ధం కావలసిన సమయం ఇప్పుడే.

ఉప్పల్, నాచారం ఎక్కడ వస్తాయి

హైదరాబాద్ తూర్పు అంచున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడల్లో బాయిలర్లు ఉన్నాయి గానీ క్రీప్ లేదు. మందుల, ఆహార పరిశ్రమల్లో సాధారణంగా కనిపించే చిన్న బాయిలర్లు చదరపు సెంటీమీటరుకు 10.5 కిలోల పీడనంతో సంతృప్త ఆవిరిని ఇస్తాయి. ఆ ఆవిరి వేడి సుమారు 186 డిగ్రీలు. అంత తక్కువ వేడిలో కార్బన్ ఉక్కు వెల్డు క్రీప్‌తో ఎన్నటికీ తెగదు. అక్కడి శత్రువులు తుప్పు, పొలుసు, నీటి శుద్ధిలో లోపాలు. ఆ బాయిలర్లకు ఆయుష్షు పరీక్ష పేరుతో క్రీప్ రెప్లికాలు తీయడం వృథా.

అయినా ఈ ప్రాంతానికి ఈ విషయంతో గట్టి సంబంధం ఉంది. మల్లాపూర్‌కు ఆనుకుని మౌలాలి దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అతుకులేని ప్రత్యేక గొట్టాల తయారీలో దేశానికి ఆధారం. 710 డిగ్రీల ఆవిరి లక్ష్యంగా బీహెచ్ఈఎల్, ఎన్టీపీసీ, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం చేపట్టిన అడ్వాన్స్‌డ్ అల్ట్రా సూపర్ క్రిటికల్ కార్యక్రమానికి, రాగి కలిసిన 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టాలూ, 617 రకం నికెల్ మిశ్రలోహపు గొట్టాలూ ఇక్కడ తయారయ్యాయి. మిశ్రలోహం కంచన్‌బాగ్‌లోని మిధాని నుంచి వచ్చింది. ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు అల్ట్రా హై వోల్టేజ్ ప్రయోగశాల ఉంది. అది ప్రసార లైన్ల పరీక్షలకు సంబంధించినది. మిగిలిన ఆయుష్షు అంచనాల పని ఆ సంస్థ బెంగళూరు కేంద్రం చేస్తుంది. క్రీప్ పరీక్షలకు దేశంలో పేరున్న చోట్లు జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధనశాల, కల్పాక్కం.

ఫ్యాబ్రికేషన్ షాపుల వైపు చూస్తే మరో సంగతి తెలుస్తుంది. గ్రేడ్ 91 వెల్డును ముందుగా వేడెక్కించి, వెల్డు తర్వాత మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంగా మారేంతవరకు చల్లార్చి, ఆపైన 760 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. ఉష్ణోగ్రత ఎక్కువైతే లోహం మళ్లీ రూపం మారి, చల్లారాక గట్టి మార్టెన్‌సైట్ వస్తుంది. తక్కువైతే వెల్డు పెళుసుగా ఉంటుంది. వెల్డు మీద థర్మోకపుల్ సరిగా అంటుకోకపోతే చార్టులో 760 అని నమోదైనా లోహం 800 చూసి ఉండవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వెల్డు ఆయుష్షును అంచనా వేసేవారికి మొదట కావలసింది ఆ రోజు చార్టు. అది దాచి ఉంచని చోట, ఎంత ఆధునిక పరీక్ష అయినా మొదటి స్థితిని ఊహించుకునే మొదలవుతుంది.

ఇంకా తేలనివి

వెల్డు బలహీనతను పుట్టుకలోనే తగ్గించవచ్చా అన్నది ఒక వేడి ప్రశ్న. 100 పీపీఎం స్థాయిలో బోరాన్ కలిపి, నైట్రోజన్‌ను అదుపులో ఉంచితే కార్బైడ్లు ముతకబడటం తగ్గుతుందని జపాన్‌లోనూ కల్పాక్కంలోనూ చూపారు. వేడి సోకిన పట్టీలో సన్న రేణువులే ఏర్పడకుండా ఇది కొంత అడ్డుకుంటుంది. అయితే ఆ ఉక్కులకు ఇంకా దశాబ్దాల సేవా చరిత్ర లేదు.

ఉక్కులో మిగిలిపోయే ఆర్సెనిక్, తగరం, రాగి వంటి అంశాలు గుల్లలు పుట్టడాన్ని ఎంత వేగవంతం చేస్తాయన్నది మరొకటి. అల్యూమినియం ఎక్కువై నైట్రోజన్‌ను పట్టేసుకుంటే సన్నని నైట్రైడ్లు తగ్గి బలం పడిపోతుందన్నది మాత్రం బ్రిటన్‌లోని వెస్ట్ బర్టన్ కేంద్రంలో హెడర్ వైఫల్యం తర్వాత ఖాయమైంది. ఒకే గ్రేడ్ కింద విడివిడిగా కరిగించి పోసిన రెండు హీట్‌ల మధ్య ఆయుష్షులో కొన్ని రెట్ల తేడా ఉండవచ్చు. అందువల్ల కొన్నిచోట్ల రసాయన విశ్లేషణను వెల్డు పరీక్షకన్నా ముందు చేస్తారు.

మరమ్మతు మరో వివాదం. పగిలిన వెల్డును తవ్వి తిరిగి నింపాక పూర్తి హీట్ ట్రీట్‌మెంట్ తప్పనిసరి అన్నది పాత నియమం. వరుసలను జాగ్రత్తగా పేర్చి తర్వాతి వరుస వేడితోనే ముందుదాన్ని మెత్తబరచి, కొలిమి లేకుండా ముగించే పద్ధతికి గ్రేడ్ 91లో కూడా ఇటీవల కొంత అనుమతి లభించింది. పక్కనున్న పాత లోహానికి మళ్లీ వేడి తగలకపోవడం దీని లాభం. కానీ మరమ్మతు అంచున కొత్త సన్న రేణువుల పట్టీ తయారవుతుంది. అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పే దీర్ఘకాల ఫలితాలు తక్కువ.

ఇప్పుడు అన్నిటికన్నా అత్యవసరమైనది లోడ్ ఎత్తుపల్లాల సంగతి. సౌర విద్యుత్ పెరిగి, పగటిపూట బొగ్గు యూనిట్లను తగ్గించవలసి వస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు బొగ్గు యూనిట్ల కనీస స్థాయిని మొదట 55 శాతానికి, దశలవారీగా 40 శాతానికి తేవాలంటున్నాయి. ప్రతి తగ్గింపు, ప్రతి పెంపు మందమైన హెడర్ గోడలో లోపలికీ బయటికీ మధ్య ఉష్ణ భేదం తెస్తుంది. క్రీప్‌తో పాటు అలసట కలుస్తుంది. రెండూ కలిసినప్పుడు నష్టాన్ని కేవలం కూడితే చాలదని ప్రయోగశాలల్లో తెలుసు. ఎంత చాలదో ఒక్కో ఉక్కుకు, ఒక్కో అతుకుకు వేరు. స్థిరమైన లోడ్ మీద 1980ల నుంచి సమకూరిన రెప్లికా అనుభవం ఈ కొత్త నడకకు ఎంతవరకు వర్తిస్తుందో చూడాలంటే, రామగుండం, కొత్తగూడెం, విజయవాడ వంటి పాత కేంద్రాల్లో విరమించే యూనిట్ల నుంచి హెడర్లనూ పైపు వెల్డులనూ తుక్కుగా పంపే ముందు కోసి భద్రపరచాలి. ఏ వెల్డు, ఎన్ని గంటలు, ఎన్ని స్టార్టప్‌లు చూసిందో రాసి ఉన్న అలాంటి ముక్కకు సాటి వచ్చే ప్రయోగశాల నమూనా ఉండదు. కొత్తగూడెంలో టవర్లతో పాటు ఆ అవకాశం చాలావరకు పోయింది. వయసు మీరిన మిగతా యూనిట్ల విషయంలో ఇంకా సమయం ఉంది.